యోఆకిమ్ ట్రియర్ సినిమాల్లో ముందు ఏది చూడాలి?

నార్వే దర్శకుడు యోఆకిమ్ ట్రియర్ తీసిన ఫీచర్ సినిమాలు ఆరే. మొదటిది 2006లో వచ్చింది, ఆరోది 2025లో. పంతొమ్మిదేళ్లకు ఆరంటే నిదానమే. చూసేవాళ్లకు మాత్రం అదొక సుఖం. వారానికొకటి చూసినా నెలన్నరలో మొత్తం అయిపోతుంది.

చిక్కంతా మొదటి సినిమా దగ్గరే. ఆరింటిలోనూ ఫైట్లు లేవు, విలన్ లేడు, మనం క్లైమాక్స్ అనుకునేది చాలావాటిలో కనపడదు. మనకు పొసగని సినిమా ముందు తగిలితే "ఏమీ జరగలేదేంటి" అనో, "ఇంత దిగులేంటి బాబూ" అనో పక్కన పెట్టేస్తాం. ఇక రెండోదాని జోలికి పోం. నాకు తెలిసినవాళ్లలో అలా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల అభిరుచిలో లోపం ఏమీ లేదు, ఎవరో చెప్పిన వరస వాళ్లకు సరిపడలేదు, అంతే.

వరస అంటే గుర్తొచ్చింది, దీనికి ట్రియర్ ఇంట్లోనే ఓ పాత కథ ఉంది. అమ్మ వాళ్ల నాన్న ఎరిక్ లోకెన్ కూడా దర్శకుడే, జాజ్ సంగీతకారుడు కూడా. ఆయన 1959లో తీసిన సినిమా మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. 1972లో ఆయన చేసిన పని ఇంకా విడ్డూరం. ఐదు రీళ్ల సినిమా తీసి, ఏ రీలు ముందు వేసినా ఏది చివర వేసినా నడిచేలా కట్టాడు. అంటే ఒకే సినిమాను 120 రకాలుగా చూపించొచ్చు. ఆ లెక్కన మనవడి ఆరు సినిమాలకు 720 వరసలు వస్తాయి. వాటిలో నేను సిఫార్సు చేసేవి మూడో నాలుగో.

ముందు మనిషి గురించి కొంచెం, ఎందుకంటే ఎంపికకు అది పనికొస్తుంది. ట్రియర్ 1974లో కోపెన్‌హేగెన్‌లో పుట్టాడు, పెరిగింది మాత్రం ఓస్లోలో. నాన్న యాకోబ్ ట్రియర్ సౌండ్ మనిషి. నార్వేలో పిల్లలూ పెద్దలూ తరతరాలుగా చూస్తున్న 1975 నాటి బొమ్మల సినిమా ఒకటుంది, దానికి సౌండ్ పని చేసింది ఆయనే. అమ్మ డాక్యుమెంటరీలు తీసేది. ఇలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడు ముందు స్కేట్‌బోర్డు పట్టుకుని వీధిన పడ్డాడు. ఏదో సరదాకి తిరగడం కాదు, ఏకంగా నార్వే జాతీయ చాంపియన్ అయ్యాడు. కెమెరా పట్టుకోవడం స్నేహితుల స్కేటింగ్ వీడియోలతోనే వచ్చింది. తర్వాత డెన్మార్క్‌లోని ఎబెల్టాఫ్ట్‌లో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్లో చదువుకున్నాడు. షాకిచ్చే సినిమాలకు పేరుపడ్డ డెన్మార్క్ దర్శకుడు లార్స్ వాన్ ట్రియర్ ఈయనకు దూరపు చుట్టం. ఇంటిపేరు చూసి ఆ తరహా షాకులు ఉంటాయేమోనని భయపడే వాళ్లుంటారు, ఈయన దారి పూర్తిగా వేరు.

ఇంకో సంగతి. ఆరు సినిమాలూ ట్రియర్, ఎస్కిల్ వోగ్ట్ అనే రచయితా కలిసి రాసినవే. ఎడిటర్ కూడా ఆరింటికీ ఒకరే, ఒలివియే బుగ్గె కుట్టే. అందుకే ఒకటి నచ్చితే మిగతావాటిలో కనీసం రెండు మూడు నచ్చుతాయని గట్టిగానే చెప్పొచ్చు. ఒకటి పడకపోతే అన్నీ పడవని మాత్రం చెప్పలేం, ఎందుకంటే విషయం ఒక్కో సినిమాలో ఒక్కో వయసుది.

నా సలహా కూడా అక్కడి నుంచే వచ్చింది. ట్రియర్ సినిమాను అవార్డు చూసి ఎంచుకునేకన్నా వయసు చూసి ఎంచుకోవడం మేలు. 'రిప్రైజ్' కుర్రాళ్లకు ఇరవై మూడు. 'థెల్మా' కాలేజీలో అప్పుడే చేరిన అమ్మాయి. 'ది వర్స్ట్ పర్సన్ ఇన్ ది వరల్డ్' ముప్పై దాటుతున్న అమ్మాయి కథ. 'ఓస్లో, ఆగస్ట్ 31'లో అతనికి ముప్పై నాలుగు. 'లౌడర్ దేన్ బాంబ్స్'లో భార్య పోయిన తండ్రి, ఇద్దరు కొడుకులు. 'సెంటిమెంటల్ వాల్యూ'లో డెబ్బైల్లో ఉన్న తండ్రి, పెద్దవాళ్లైపోయిన కూతుళ్లు. మీరు ఇప్పుడు ఏ మలుపులో ఉన్నారో ఆ మలుపులో ఉన్న సినిమా మీకు త్వరగా పట్టుబడుతుంది. దీనికి ఒకటే మినహాయింపు ఉంది, అది కింద చెబుతాను.

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే

ఎవరిని అడిగినా చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతారు: 'ది వర్స్ట్ పర్సన్ ఇన్ ది వరల్డ్' (2021), 'ఓస్లో, ఆగస్ట్ 31' (2011). రెండూ ఓస్లోలోనే జరుగుతాయి, రెండింట్లోనూ అండెర్స్ డానియెల్సన్ లీ అనే నటుడు ఉన్నాడు, రెండూ "ఇలా కాకుండా ఇంకోలా బతికి ఉంటేనో" అనే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. చూస్తున్నప్పుడు మాత్రం ఒకటి ఎండలో నడిచినట్టుంటుంది, ఇంకోటి ఎండ పోతుండగా నడిచినట్టుంటుంది.

మొదటిదాంట్లో యూలియె అనే అమ్మాయి మెడిసిన్‌లో చేరుతుంది, అది వదిలి సైకాలజీ, అదీ వదిలి ఫొటోగ్రఫీ. ఇదంతా మొదటి పది నిమిషాల్లోనే. తనకన్నా చాలా పెద్దవాడైన కామిక్స్ గీసే అక్సెల్‌తో కాపురం పెడుతుంది. అతనికి పిల్లలు కావాలి, తనకు ఇంకా ఏం కావాలో తెలియదు. ఒక రాత్రి ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లి విందులోకి దూరిపోతుంది. అక్కడ ఐవిన్ అనే అతను తగులుతాడు. ఇద్దరికీ జోడీలు ఉన్నారు, "మోసం చేయకుండా ఎంతదాకా వెళ్లొచ్చు" అని ఆ రాత్రంతా పరీక్ష పెట్టుకుంటారు. ముద్దుపెట్టుకోరు. ఒకరి చెమట వాసన ఒకరు చూస్తారు, ఎవరికీ చెప్పని రహస్యాలు చెప్పుకుంటారు. నవ్వొస్తుంది, ఇబ్బందిగానూ ఉంటుంది, ఆ రెండూ కలిపి ఒకే సీన్లో లాక్కొచ్చిన తీరు చూడాల్సిందే.

ఈ సినిమా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ చెప్పే సీన్ ఇంకోటి. పొద్దున్నే వంటింట్లో అక్సెల్ కాఫీ పోస్తుంటాడు. యూలియె లైటు స్విచ్ నొక్కుతుంది. అతను పోస్తున్న భంగిమలోనే ఆగిపోతాడు. ఆమె బయటికొస్తే వీధిలో మనుషులు, కార్లు, సైకిళ్లు, ఊరు ఊరంతా బిగుసుకుపోయి ఉంటుంది. ఆమె ఒక్కతే పరుగెత్తుకుంటూ ఐవిన్ పనిచేసే కాఫీ షాపుకు వెళ్తుంది, ఓ పగలూ రాత్రీ అతనితో తిరిగి, మళ్లీ వంటింటికొచ్చి స్విచ్ నొక్కుతుంది. అక్సెల్‌కు ఏమీ తెలియదు. దీనికి గ్రాఫిక్స్ మీద పెద్దగా ఆధారపడలేదు, రోడ్ల మీద మనుషుల్ని నిజంగానే కదలకుండా నిలబెట్టి తీశారు. జాగ్రత్తగా చూస్తే ఎవరి జుట్టో గాలికి కదలడం కనిపిస్తుంది. నాకు ఆ సీన్ నచ్చడానికి అదే కారణం.

యూలియెగా చేసిన రెనాటె రైన్స్వె అంతకు పదేళ్ల ముందు 'ఓస్లో, ఆగస్ట్ 31'లో చిన్న వేషం వేసింది. ఆ తర్వాత సరైన పాత్రలు రాక నటన మానేసి వడ్రంగం చేసుకుందామనుకున్న సమయంలో ట్రియర్ ఫోన్ వచ్చిందని ఆమే చాలాసార్లు చెప్పింది. ఈ పాత్రకు 2021లో కాన్‌లో ఉత్తమ నటి అయ్యింది. సినిమాకు రెండు ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చాయి, అంతర్జాతీయ చిత్రం, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే విభాగాల్లో.

దీనికి నేను పెట్టే వంక ఒకటుంది. చివరి మూడో వంతులో కథ ఆస్పత్రి వైపు తిరుగుతుంది, అక్కడ అక్సెల్ పాత్ర యూలియెను కమ్మేస్తుంది. రికార్డుల షాపులు, కామిక్స్ షాపులు, చేత్తో పట్టుకుని చూసుకునే వస్తువుల మధ్య పెరిగిన తన తరం గురించి అతను మాట్లాడే మాటలు సినిమా మొత్తంలో గొప్పవి. అంత గొప్ప మాటలు హీరోయిన్‌కు ఒక్కటీ ఇవ్వలేదేమని నాకు ఇప్పటికీ గుర్రే. "ఈ పిల్లకు నిలకడ లేదు" అని విసుక్కునే వాళ్లూ ఉంటారు. ఉండనివ్వండి. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు, ఉద్యోగం ఏంటి అనే మూడు ప్రశ్నలూ ఒకే వారంలో వినే వయసులో ఉన్నవాళ్లకు విసుగు రాదు.

ఇక 'ఓస్లో, ఆగస్ట్ 31'. నిడివి 95 నిమిషాలు, కథ కాలం ఒక్క రోజు. డ్రగ్స్ మానే కేంద్రంలో ఉన్న అండెర్స్‌కు ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం ఒక రోజు సెలవు ఇస్తారు. ఊళ్లోకొచ్చి పాత స్నేహితుల్ని కలుస్తాడు, ఇంటర్వ్యూకు వెళ్తాడు, పార్టీకి వెళ్తాడు. ఫ్రెంచ్ రచయిత ద్రియు లా రోషెల్ 1931 నాటి నవల దీనికి ఆధారం. ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ అదే నవలను 1963లో పారిస్‌లో తీశాడు. ట్రియర్ దాన్ని ఓస్లోకు తెచ్చుకున్నాడు.

ఇంటర్వ్యూ సీన్ చాలు ఈ సినిమా ఏంటో తెలియడానికి. ఒక పత్రికలో ఉద్యోగం. ఎడిటర్ మంచివాడే, ఇతను చెప్పే మాటలు నచ్చుతున్నాయి కూడా. అప్పుడు రెజ్యూమెలో మధ్య సంవత్సరాలు ఖాళీగా ఉన్నాయేమని మామూలుగానే అడుగుతాడు. అండెర్స్ దాచకుండా నిజం చెప్పేస్తాడు. ఎడిటర్ ముఖం మాడ్చుకోడు, గెంటేయడు. అండెర్స్ తనే ఆ కాగితం వెనక్కి తీసుకుని వెళ్లిపోతాడు. అవతలివాళ్లు తలుపు తెరిచే ఉంచినా లోపలికి అడుగు పెట్టలేని మనిషి అతను.

ఇంకో సీన్. ఒక కెఫేలో ఒంటరిగా కూర్చుని పక్క టేబుళ్ల మాటలు వింటుంటాడు. ఒక అమ్మాయి జీవితంలో తను చేయాలనుకున్నవన్నీ చదివి వినిపిస్తుంటుంది. పెళ్లి చేసుకోవాలి, పిల్లల్ని కనాలి, లోకం చుట్టాలి, చెట్టు నాటాలి, డాల్ఫిన్లతో ఈదాలి, ఇలా సాగుతూనే ఉంటుంది జాబితా. కెమెరా అండెర్స్ ముఖాన్ని చూస్తూ ఉంటుంది. ఆ కోరికల్లో ఎగతాళి చేయాల్సింది ఏదీ లేదు, అతను ఎగతాళి చేయడు కూడా. ఆరు సినిమాల్లో ఒక్క సీన్ ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను.

అక్కడ అక్సెల్‌గా, ఇక్కడ అండెర్స్‌గా చేసిన అండెర్స్ డానియెల్సన్ లీ నిజ జీవితంలో డాక్టర్. సినిమాల మధ్యలో ఓస్లోలో రోగుల్ని చూసుకుంటూ ఉంటాడు. ఇది తెలిశాక అతని ముఖంలో ఆ తొణకని తనం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైనట్టు అనిపిస్తుంది. నా ఊహే కావచ్చు.

మరి రెండింట్లో ఏది ముందు? సినిమాగా చూస్తే 'ఓస్లో, ఆగస్ట్ 31' పై మెట్టు మీద ఉందని నా అభిప్రాయం. ఒక్క సీన్ కూడా తీసేయలేం. అయినా మొదట చూడమని చెప్పను. పైన చెప్పిన మినహాయింపు ఇదే: వయసు సరిపోయినా సరే, మనసు బాగోనప్పుడు దీన్ని ముట్టుకోకండి. ఆత్మహత్య ఆలోచన సినిమా మొదట్లోనే వస్తుంది, చివరిదాకా వదలదు. ఇంట్లో ఎవరైనా ఇలాంటి బాధలో నుంచి వచ్చి ఉంటే వాళ్లతో కూర్చుని చూడాల్సిన సినిమా అసలే కాదు. అందువల్ల చాలామందికి మొదటి సినిమా 'వర్స్ట్ పర్సన్', రెండోది 'ఓస్లో'. సినిమాలు బాగా నలిగినవాళ్లు, ఇరానీ సినిమాలో జపాన్ పాత సినిమాలో నిమ్మళంగా చూడగలిగినవాళ్లు మాత్రం తిప్పి చూసినా నష్టం లేదు.

కాన్ బహుమతి చూసి కొత్తదానితో మొదలుపెడదామా?

2025లో కాన్ గ్రాండ్ ప్రీ గెలిచింది 'సెంటిమెంటల్ వాల్యూ'. అక్కడ అది రెండో పెద్ద బహుమతి. ఇప్పుడు అందరి నోటా ఈ పేరే కాబట్టి దీంతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది. నేను ఆగమంటాను, పూర్తిగా వద్దని మాత్రం అనను.

గుస్తావ్ బోర్గ్ పేరున్న దర్శకుడు, చాలా ఏళ్లుగా సినిమా లేదు. స్వీడన్ నటుడు స్టెల్లాన్ స్కార్స్‌గార్డ్ వేశాడు. ఎప్పుడో వదిలేసి వెళ్లిన ఇంటికి, మాజీ భార్య పోయాక తిరిగొస్తాడు. పెద్ద కూతురు నోరా రంగస్థల నటి, అంటే మళ్లీ రెనాటె రైన్స్వె. "నీ కోసమే రాశా, నువ్వే చెయ్యాలి" అని స్క్రిప్టు ముందు పెడతాడు. ఆమె చదవకుండానే కుదరదంటుంది. ఆ వేషం ఒక అమెరికన్ హీరోయిన్‌కు వెళ్తుంది, అది ఎల్ ఫానింగ్. చిన్న కూతురు ఆగ్నెస్ చరిత్రకారిణి. ఇంగా ఇబ్స్‌డాటర్ లిల్లెఆస్ చేసిన ఈ పాత్రే సినిమాను నిలబెట్టిందని నేనంటాను.

ఇందులో నవ్వు తెప్పించే చోట్లు చాలా ఉన్నాయి. మనవడి పుట్టినరోజుకు తాత డీవీడీలు తెచ్చిస్తాడు, అవన్నీ పెద్దవాళ్లే కళ్లు మూసుకుని చూసే సినిమాలు. అమెరికన్ హీరోయిన్‌కు ఇంట్లోని స్టూలు చూపించి, తన తల్లి ఉరేసుకున్నది దీని మీదే అని గంభీరంగా చెబుతాడు. ఆమె వణికిపోతుంది. తీరా చూస్తే అది ఐకియాలో కొన్న స్టూలు! కథ చెప్పి మనిషిని లోబరుచుకోవడం అలవాటైపోయిన దర్శకుడు అతను. సొంత కూతుళ్ల మీద మాత్రం ఆ విద్య పనిచేయదు.

దీన్ని రెండో సినిమాగానో మూడోదిగానో చూడమనడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, రైన్స్వెను యూలియెగా చూసి ఉంటే నోరా మౌనం బరువు తెలుస్తుంది. రెండోది ట్రియర్ సొంత ఇంటి కథ. పైన చెప్పిన తాత లోకెన్ రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు ఎదురు తిరిగిన వాళ్లలో ఒకడు, పట్టుబడ్డాడు కూడా. 1940 నుంచి 1945 దాకా నార్వే జర్మన్ల చేతిలో ఉంది. సినిమాలో గుస్తావ్ తల్లికి కూడా అలాంటి గతమే ఉంది, ఆగ్నెస్ జాతీయ పత్రాల భాండాగారంలో ఆ కాగితాలు తీసి చదువుతుంది. పెద్దగా మాటలు లేని ఆ సీన్‌ను తాత సంగతి తెలిసి చూస్తే ఒకలా ఉంటుంది, తెలియకుండా చూస్తే కథ కాస్త పక్కకు పోయినట్టుంటుంది.

అయితే మీకు నలభై ఐదు దాటి, పిల్లలు పెద్దవాళ్లై, తండ్రితోనో కొడుకుతోనో సరిగ్గా మాటల్లేని ఇల్లు మీదైతే, ఈ సలహా పక్కన పెట్టి దీంతోనే మొదలుపెట్టండి. 'వర్స్ట్ పర్సన్'లోని ముప్పై ఏళ్ల తికమక మీకు చిన్నపిల్లల గొడవలా అనిపించొచ్చు. నిడివి 133 నిమిషాలు, ఎక్కడా సాగదీసినట్టు ఉండదు. ఒక్క మధ్యలో సినిమావాళ్ల మీద వేసిన జోకులు కొన్ని తగ్గించి ఉండాల్సింది.

కథలో భయం ఉండాలి అనేవాళ్లకు

"ఫీలింగ్స్ సరే, కథేంటి?" అనేవాళ్లకు నేను చెప్పేది 'థెల్మా' (2017). ట్రియర్ అభిమానుల జాబితాల్లో ఇది సాధారణంగా కిందనే ఉంటుంది, ఆ చిన్నచూపు దీనికి తగదు. గడ్డకట్టిన సరస్సు మీద తండ్రీ చిన్న కూతురూ నడిచి అడవిలోకి వేటకు వెళ్తారు. జింక కనిపిస్తుంది. పాప జింకను చూస్తూ నిలబడుతుంది. తండ్రి తుపాకీ గురిపెడతాడు, మెల్లగా గొట్టాన్ని పాప తల వైపు తిప్పుతాడు. సినిమా అక్కడ మొదలవుతుంది. ఎందుకు అనే ప్రశ్న ఇక మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వదు.

ఆ పాపే పెద్దదై ఓస్లోకు చదువుకోవడానికి వస్తుంది. కట్టుదిట్టమైన క్రైస్తవ కుటుంబం, అమ్మానాన్నలు రోజూ ఫోన్ చేసి ఏం తిన్నావు, ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని ఆరా తీస్తారు. లైబ్రరీలో కూర్చుని ఉండగా మూర్ఛలాంటిది వస్తుంది, అదే సమయంలో బయట పక్షులు కిటికీ అద్దాలకు కొట్టుకుంటాయి. ఆన్యా అనే అమ్మాయి మీద ప్రేమ పుడుతుంది, దాన్ని అణచుకోవాలని చూసినప్పుడల్లా చుట్టుపక్కల ఏదో ఒకటి జరుగుతుంది. హాస్టల్లో ఉండి చదువుకున్న ఎవరికైనా ఆ ఫోన్ సంభాషణలు దగ్గరగా అనిపిస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఆస్పత్రి పరీక్ష సీన్లో లైట్లు ఆగకుండా మినుకుమంటాయి. ఫిట్స్ సమస్య ఉన్నవాళ్లు దీన్ని చూడకపోవడమే మంచిది.

వెతికేటప్పుడు జాగ్రత్త. 2024లో ఇదే పేరుతో ఒక అమెరికన్ కామెడీ వచ్చింది, అందులో హీరోయిన్ ఒక బామ్మ. బామ్మ కనిపిస్తే ఆపేసి మళ్లీ వెతకండి (ఆ సినిమా కూడా సరదాగానే ఉంటుందనుకోండి). అలాగే ఉత్త 'ఓస్లో' అని కొడితే 2021 నాటి రాజకీయ చర్చల సినిమా తగులుతుంది.

మిగిలిన రెండు

'రిప్రైజ్' ట్రియర్ మొదటి సినిమా, అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. ఇద్దరు స్నేహితులు తాము రాసిన నవలల్ని పోస్టు డబ్బాలో వేయడానికి నిలబడతారు. కవర్లు డబ్బాలో పడేలోపే వాళ్ల భవిష్యత్తంతా ఊహలో గిర్రున తిరిగిపోతుంది. తర్వాత నిజంగా జరిగేది వేరు. ఒకరి నవల అచ్చవుతుంది, అతని మతి చలిస్తుంది. ఇంకొకరి నవల తిరిగొస్తుంది. కుర్రతనం పొగరు, పంక్ పాటలు, రచయితల మీద పిచ్చి ఆరాధన అన్నీ ఉన్నాయి. రాయాలనే దురద ఉన్న ఇరవైల్లోని కుర్రాళ్లకు ఇదే మొదటిది కావచ్చు. ఇతరులకు తొందర లేదు. వ్యాఖ్యాత గొంతు, వెనక్కి ముందుకి దూకే ఎడిటింగ్, వీటితో పాటు సబ్‌టైటిల్స్ చదవడం కొంచెం కష్టమే.

'లౌడర్ దేన్ బాంబ్స్' (2015) ఇంగ్లిష్‌లో, న్యూయార్క్ దగ్గరి ఊళ్లో తీసినది. ఇసబెల్ యుపేర్, గాబ్రియెల్ బర్న్, జెస్సీ ఐసెన్‌బర్గ్ లాంటి పెద్ద పేర్లున్నాయి. యుద్ధ ఫొటోగ్రాఫర్ అయిన తల్లి కారు ప్రమాదంలో పోయాక, ఆ చావు గురించి చిన్న కొడుక్కి చెప్పని నిజం ఒకటి ఇంట్లో మిగిలిపోతుంది. ఇంగ్లిష్ కదా, సబ్‌టైటిల్స్ బాధ లేదు కదా అని దీన్ని ముందు పెట్టుకునేవాళ్లు ఉంటారు. నా మాట విని ఆఖరున ఉంచండి. చిన్న కొడుకుగా చేసిన డెవిన్ డ్రూయిడ్ ఉన్న సీన్లన్నీ బాగుంటాయి. కానీ ఓస్లోలో ఏ వీధి ఏ జ్ఞాపకమో తెలిసిన దర్శకుడు ఇక్కడ అతిథిలా ఒదిగి కూర్చున్నాడు.

ఎవరితో, ఎక్కడ

హాల్లో టీవీ ముందు అమ్మానాన్నలు, పిల్లలతో కలిసి చూసేవి కావివి. నగ్నత్వం, డ్రగ్స్, మొహమాటం లేని మాటలు దాదాపు అన్నింటిలో ఉన్నాయి. వాటిలో 'సెంటిమెంటల్ వాల్యూ' కాస్త నయం, పెద్దవాళ్లతో చూడదగ్గది అదొక్కటే. 'వర్స్ట్ పర్సన్' భార్యాభర్తలు కలిసి చూడొచ్చు, తర్వాత రాత్రి మాటలు ఎటు పోతాయో నేను హామీ ఇవ్వలేను. 'ఓస్లో' ఒంటరిగా, ఒకే బిగిన చూడాలి.

టైమ్ దొరకదు, ముక్కలు ముక్కలుగా తప్ప చూడలేం అనేవాళ్లకు 'వర్స్ట్ పర్సన్' అనుకూలం. ముందొక నాంది, మధ్యలో పన్నెండు అధ్యాయాలు, చివర ఒక ముగింపు. 128 నిమిషాల్ని ఏ అధ్యాయం చివర ఆపినా దెబ్బతినదు. చివరి రెండు సినిమాలు 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసినవి. ఫిల్మోత్సవాల్లోనో ఫిల్మ్ క్లబ్బుల్లోనో వేస్తే పెద్ద తెర మీదే చూడండి. ఓటీటీలో హక్కులు చేతులు మారుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కడుందో ఆ నెల వెతుక్కోవాల్సిందే. ఇంగ్లిష్ డబ్బింగ్ దొరికినా వద్దు. నార్వే భాష వినబడుతూ కింద అక్షరాలు చదువుకోవడమే మేలు, పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

మొదటిది చూశాక

'వర్స్ట్ పర్సన్' నచ్చి, అందులో అక్సెల్ మనసులో ఉండిపోతే తర్వాత 'ఓస్లో'. యూలియె ఉండిపోతే 'సెంటిమెంటల్ వాల్యూ'. ఊరు, పాటలు, ఎడిటింగ్ నచ్చితే 'రిప్రైజ్'. 'థెల్మా'తో మొదలుపెట్టి నచ్చినవాళ్లు ట్రియర్‌ను కాసేపు పక్కన పెట్టి, ఆయన సహరచయిత ఎస్కిల్ వోగ్ట్ దర్శకుడిగా 2021లో తీసిన 'ది ఇన్నోసెంట్స్' చూడండి. అపార్టుమెంటు పిల్లలకు వింత శక్తులు వస్తాయి. అందులో పిల్లికి సంబంధించిన సీన్ ఒకటి ఉంది, జంతు ప్రేమికులు ముందే తెలుసుకోవడం మంచిది.

'వర్స్ట్ పర్సన్' నచ్చలేదా? మనుషులు మరీ తమ చుట్టూ తామే తిరుగుతున్నారనిపిస్తే ట్రియర్‌ను అక్కడితో వదిలేయండి, బలవంతం లేదు. అదే ఓస్లోలో డాగ్ యోహాన్ హాగెరూడ్ అనే ఇంకో దర్శకుడున్నాడు, నవలలు రాస్తాడు, లైబ్రేరియన్‌గా పనిచేశాడు. ప్రేమ, కోరికల మీద వరుసగా మూడు సినిమాలు తీశాడు, వాటిలో 'డ్రీమ్స్' 2025లో బెర్లిన్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. టీచర్ మీద మనసు పడ్డ పదహారు పదిహేడేళ్ల అమ్మాయి, ఆమె రాసుకున్న కాగితాలు చదివి తలపట్టుకునే అమ్మ, అమ్మమ్మ. మనుషులు కూర్చుని తీరిగ్గా, నిజాయితీగా మాట్లాడుకుంటూనే ఉంటారు. ట్రియర్ దగ్గర పరుగు ఎక్కువైందనుకున్నవాళ్లకు అది పడుతుంది.